ఆగని కల్లు, నిలిచే ద్రాక్షాసవము

గోదావరి డెల్టాలో ఏ కాలువగట్టు మీద నిలబడి చూచినను తాటిచెట్టు కనబడుతుంది. చేను ఎవరిదైనను గట్టుమీది తాడు దానికి కావలి కాసినట్లు నిలిచి ఉంటుంది. వేసవిలో తెల్లవారుజామున మోకు భుజాన వేసుకొని, నడుమున గీతకత్తి పెట్టుకొని గీత పనివాడు ఆ చెట్టెక్కుతాడు. రాత్రి కట్టిన కుండను దింపి తెస్తాడు. ఆ కుండలోని రసము పొద్దున తీపి, మధ్యాహ్నమునకు పులుపు, మరునాటికి నోట పెట్టరానిది. దాని ఆయువు ఒక్కరోజు.

వేల మైళ్ళ దూరమున, స్పెయిన్ దేశపు ఉత్తర భాగమున, ఏబ్రో నది ఒడ్డున రియోహా అనే సీమ ఉన్నది. అక్కడ టెంప్రనీయో అనే నల్లద్రాక్ష పండుతుంది. తక్కిన రకములకన్న ముందుగా పక్వమవుతుంది కనుక దానికి ఆ పేరు వచ్చినది. దానినుండి చిక్కని ఎర్రని ద్రాక్షాసవము తీస్తారు. అందులో మేలైన తరగతిని పీపాలోను సీసాలోను కలిపి ఐదేండ్లు మగ్గబెట్టిన పిమ్మటనే అమ్మకమునకు పెట్టవలెనని అక్కడ నియమము. కొన్ని సీసాలు దశాబ్దములు గడిచినను చెడవు.

రెండును పులిసిన రసములే. రెండింటిలోను చక్కెరను ఆల్కహాలుగా మార్చేది ఈస్టు అనే సూక్ష్మజీవియే. అయినను ఒకటి ఏండ్లకొలది నిలుస్తుంది, మరియొకటి పూట దాటితే ఆగదు. ఈ తేడాకు కారణము రసాయన శాస్త్రములో ఉన్నది. దాని ఫలితములు మాత్రము వంటింటిలోను, పన్నుల కచేరీలోను, ఒకప్పుడు రంప కొండలలో తుపాకుల నడుమను కూడ కనబడినవి.

రెండు రసములు

తాటిచెట్టు పూగెలను మొదట మెల్లగా నొక్కి, కట్టి, పిమ్మట దాని కొనను దినమునకు రెండు మూడు పర్యాయములు పలుచగా చెక్కుతారు. ఆకులలో తయారైన చక్కెర పువ్వులకు, కాయలకు పోవలసి ఉండగా దారిలో కుండలోనికి కారుతుంది. అప్పుడే కారిన రసములో నూటికి 10 నుండి 14 పాళ్ళ వరకు చక్కెర ఉంటుంది. అది చాలవరకు చెరకులో ఉండే సుక్రోజే. ఈ రసము పుల్లనిది కాదు. ఆమ్లతను కొలిచే పి.హెచ్. మానములో అది 7కు దగ్గరగా, అనగా మంచినీటివలె ఇంచుమించు తటస్థముగా ఉంటుంది.

సూక్ష్మజీవులకు ఇంతకన్న విందు ఏమున్నది? తీపి ఉన్నది, నీరు ఉన్నది, వేసవి వేడిమి ఉన్నది, అడ్డగించుటకు పులుపు లేదు. నిన్నటి కుండ గోడలకు అంటుకొని ఉన్న జీవులే నేటి రసమునకు తోడువలె పనిచేస్తాయి. ఈస్టు చక్కెరను విడగొట్టి ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును పుట్టిస్తుంది. కల్లుమీద తేలే నురుగు ఆ వాయువు వలన కలిగినదే. అదే సమయమున పాలను పెరుగుగా మార్చే జాతికి చెందిన బాక్టీరియాలు లాక్టిక్ ఆమ్లమును తయారుచేస్తాయి. కొద్ది గంటలలో ఆల్కహాలు నూటికి 4, 5 పాళ్ళకు చేరుతుంది. అంతటితో కథ ఆగదు. గాలి సోకినచోట మరియొక తెగ బాక్టీరియాలు ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లముగా మారుస్తాయి. ఎసిటిక్ ఆమ్లమనగా వినిగరులోని పులుపే. ఒక గుంపు ఇంకను వడ్డిస్తూ ఉండగానే తరువాతి గుంపు విస్తరి ముందు కూర్చున్నట్లు ఈ పనులన్నియు ఒకదానిపై ఒకటి జరిగిపోతాయి.

ద్రాక్షరసము సంగతి వేరు. అది పుట్టుకతోనే పుల్లనిది. అందులో టార్టారిక్, మాలిక్ ఆమ్లములు ఉంటాయి. పండిన నల్లద్రాక్షరసపు పి.హెచ్. 3.5 ప్రాంతమున ఉంటుంది. ఈ మానములో ఒక్క అంకె తగ్గితే ఆమ్లత పదిరెట్లు పెరిగినట్లు లెక్క. కనుక తాటిరసముతో పోల్చగా ద్రాక్షరసపు ఆమ్లత మూడువేల రెట్లకు పైబడినది. అట్టి పులుపులో బ్రతుకగల జీవులు కొద్ది. ఈస్టు వాటిలో ఒకటి. ద్రాక్షలో చక్కెర కూడ ఎక్కువ కాబట్టి ఆల్కహాలు నూటికి 13, 14 పాళ్ళ వరకు పెరుగుతుంది. ఆ మోతాదు చాల బాక్టీరియాలకు విషము. ఎర్రని ఆసవమును తొక్కలతోను గింజలతోను కలిపి పులియబెడతారు గనుక, వాటిలోని టానిన్లు అనే వగరు పదార్థములు కూడ అందులో దిగుతాయి. ఇవి కొంతవరకు ప్రాణవాయువు దాడిని అడ్డుకొంటాయి. పులుపు, ఆల్కహాలు, వగరు అనే ఈ మూడు కాపలాలును కల్లుకు లేవు.

ఈ విషయమును తరగతిలో చూపుటకు కల్లు అక్కరలేదు. సీసాలో గోరువెచ్చని బెల్లపు నీరు పోసి, రొట్టెలకు వాడే ఈస్టు చిటికెడు కలిపి, మూతికి రబ్బరు గొట్టము అమర్చి, దాని కొనను సున్నపుతేటలో ముంచినచో కొంతసేపటికి తేట పాలవలె తెల్లబడుతుంది. సీసాలో పుట్టిన బొగ్గుపులుసు వాయువే దీనికి కారణము.

నిలుపుట నేర్చిన కథ

ద్రాక్షాసవము తనంతట తానే చిరకాలము నిలుస్తుందని అనుకొనరాదు. పందొమ్మిదవ శతాబ్దపు నడిమి వరకు రియోహా ఆసవము కూడ త్వరగా చెడిపోయేదే. దానిని తోలుతిత్తులలో పోసి గాడిదలమీద, కంచరగాడిదలమీద దగ్గరి ఊళ్ళకు మోసేవారు. దూరదేశములకు అది పోలేదు. ఫ్రాన్సు దేశములోని బోర్డో పట్టణమున ఆసవము తీయు పద్ధతిని చూచి వచ్చిన లూసియానో దె మురియెతా, 1852లో రియోహా ఆసవమును పీపాలలో పోయించి అట్లాంటిక్ సముద్రమునకు ఆవల ఉన్న క్యూబాకు పంపించినాడు. 1858లో మార్కెస్ దె రిస్కాల్ సంస్థ ఏర్పడి బోర్డో పద్ధతిని పాటించినది. 225 లీటర్లు పట్టు ఓక్ కొయ్యపీపాలు అక్కడ వాడుకలోనికి వచ్చినవి.

అదే కాలమున లూయీ పాస్టరు పులియుటకు కారణము జీవులేనని నిరూపించినాడు. 1857లో లాక్టిక్ ఆమ్లము పుట్టుటను గూర్చి వ్రాసినాడు. చక్రవర్తి మూడవ నెపోలియన్ కోరికపై ద్రాక్షాసవపు జబ్బులను పరిశోధించి 1866లో గ్రంథము ప్రకటించినాడు. ఆసవమును 50 నుండి 60 డిగ్రీల వరకు కొద్దిసేపు వేడిచేసినచో దానిని చెడగొట్టు జీవులు నశిస్తాయని అందులో చెప్పినాడు. నేడు పాలను కాపాడుటకు వాడే పాస్టరీకరణము ఆ పరిశోధనలోనుండి వచ్చినదే.

ఇంతలో ఫ్రాన్సులో ఒక ఉపద్రవము సంభవించినది. అమెరికానుండి తీగెలతోపాటు వచ్చిన ఫిల్లాక్సెరా అనే చిన్న పురుగు 1860ల నుండి ద్రాక్షతీగెల వేళ్ళను తినివేసినది. తోటలు ఎండిపోగా బోర్డో వర్తకులు ఆసవముకొరకు పర్వతములు దాటి రియోహాకు వచ్చినారు. ఆరో అనే ఊరి రైలు స్టేషను చుట్టును పెద్ద పెద్ద ఆసవశాలలు లేచినవి. పీపా, రైలుబండి, పాస్టరు శాస్త్రము ఈ మూడును కలిసి పల్లెటూరి పానీయమును ప్రపంచపు సరకుగా మార్చినవి. నిలువ ఉండే వస్తువే దూరము పోగలదు. దూరము పోగల వస్తువే సరకు అవుతుంది.

ఏ తిండికి ఏ పానీయము

ఈ తేడా తిండిలోను కనబడుతుంది. రియోహాలో ఎర్రని ఆసవముతో గొర్రెపిల్ల మాంసమును తింటారు. తీగెలు కత్తిరించినప్పుడు మిగిలిన పుల్లలనే మంటపెట్టి దానిపై ఆ మాంసమును కాలుస్తారు. ఎర్రమిరపపొడి కలిపి ఎండబెట్టిన మాంసముతో బంగాళాదుంపలు ఉడికించిన కూర కూడ అక్కడి ఇంటివంట. ఈ జోడింపు వట్టి అలవాటు కాదు, దీనివెనుక శాస్త్రము ఉన్నది.

టానిన్లకు మాంసకృత్తులను పట్టుకొను గుణము ఉన్నది. వగరు పానీయము త్రాగినప్పుడు టానిన్లు లాలాజలములోని మాంసకృత్తులతో ముడిపడతాయి. లాలాజలపు జారుడుతనము పోయి నాలుక బిగిసినట్లు అవుతుంది. మాంసమో, జున్నో తోడుగా ఉన్నప్పుడు టానిన్లలో కొంతభాగము ఆ ఆహారపు మాంసకృత్తులను పట్టుకొంటుంది, కొవ్వు నోటికి జారుడునిస్తుంది. అందుచేత వగరు తగ్గినట్లు తోస్తుంది.

ఈ సూత్రము గోదావరి జిల్లాల గృహిణులకు క్రొత్త కాదు. అరటిపువ్వు కూర వండేముందు దానిని సన్నగా తరిగి మజ్జిగలో వేస్తారు. మజ్జిగలోని కేసీన్ అనే మాంసకృత్తు పువ్వులోని వగరును పట్టుకొంటుంది. మజ్జిగ పులుపు ముక్కలు నల్లబడకుండ కాపాడుతుంది. చిక్కని టీలో పాలు కలుపగానే వగరు తగ్గుట కూడ ఇట్టిదే. రియోహాలో గొర్రెమాంసము చేసే పని కోనసీమలో మజ్జిగ చేస్తున్నదని చెప్పవచ్చును.

డెల్టాలో తాటికల్లు ముఖ్యముగా వేసవిలో దొరుకుతుంది. దానితో తినేది ఎండుచేప, ఎండురొయ్యల వేపుడు, ఉడికించిన గుగ్గిళ్ళు, వేపిన వేరుశనగ. వేసవి ఎండకు చేపలు ఎండబెట్టుకొని నిలువచేసుకొను ఊళ్ళకు ఇవి చేతికందే తిండి. కల్లులో తొక్కలు, గింజలు పులియవు కనుక వగరు ఇంచుమించు ఉండదు. దాని పులుపు చింతపండువలె చేపకు నప్పుతుంది. ఉప్పు, కారము గల తిండికి దాని మిగిలిన తీపి చల్లదనమునిస్తుంది.

అదే ఎండుచేపతో చిక్కని ఎర్రని ఆసవము త్రాగినచో నీచువాసన పైకి లేస్తుంది. దీనికి కారణమేమో చాలకాలము తెలియలేదు. 2009లో జపాను శాస్త్రజ్ఞులు అనేక ఆసవములను సముద్రపు చిప్పల మాంసముతో కలిపి రుచి చూపించి పరీక్షించినారు. ఆసవములో కరిగి ఉన్న ఇనుము ఎక్కువైనకొలది నీచురుచి పెరుగుతుందని తేల్చినారు. ఇనుము చేప కొవ్వును త్వరగా విడగొట్టి ఆ వాసనలను పుట్టిస్తుంది. మిరపకారము సంగతి మరియొకటి. నాలుకపై వేడిని గుర్తించే గ్రాహకమే మిరపలోని కాప్సయిసిన్‌ను కూడ గుర్తిస్తుందని 1997లో తెలిసినది. ఆ పరిశోధనకు నాయకుడైన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమానములో భాగము లభించినది. ఆల్కహాలు ఆ గ్రాహకమును మరింత సులభముగా రేపుతుంది. కనుక 14 పాళ్ళ ఆల్కహాలు గల ఆసవము గోదావరి వంటకపు కారమును చల్లార్చదు, మండిస్తుంది. ఏ సీమ పానీయము ఆ సీమ తిండితో పెరిగినదని దీనివలన అర్థమవుతుంది.

రెండును ఎదురుపడిన చోటు

స్పెయిన్ ఆసవమునకు, కల్లుకు చరిత్రలో ఒకసారి నేరుగా పోటీ కలిగినది. 1521లో మాజెల్లన్ ఓడలు ఫిలిప్పీన్ దీవులకు చేరినప్పుడు, ఆ యాత్రను వ్రాసిన పిగఫెట్టా అక్కడివారు కొబ్బరిచెట్టు రసమును లావుపాటి వెదురు గొట్టములలో పట్టుటను చూచి వర్ణించినాడు. ఆ కల్లును అక్కడ ‘తుబా’ అంటారు. తరువాత మనీలా నుండి మెక్సికోకు స్పెయిన్ ఓడలు ఏటేట నడిచినవి. వాటిలో పోయిన ఫిలిప్పీన్ నావికులు పడమటి మెక్సికో తీరమున కొలిమా ప్రాంతములో కొబ్బరిచెట్లు గీచి కల్లు తీయుటను, దానిని బట్టీ పెట్టి సారా చేయుటను నేర్పినారు.

పచ్చి కల్లు తీరములోనే ఉండిపోయినది. సారా మాత్రము నిలువ ఉండే వస్తువు కనుక లోపలి పట్టణములకు ప్రయాణము కట్టినది. స్పెయిన్ నుండి ఎంతో ఖర్చుతో వచ్చే ద్రాక్షాసవమునకు గిరాకి తగ్గుతున్నదని మొర పుట్టినది. పదునేడవ శతాబ్దపు ఆరంభములో వలస అధికారులు కొబ్బరిసారాను అణచుటకు ప్రయత్నించినారు. రాజ్యమునకు కంటగింపు అయినది ఊరిలో త్రాగే కల్లు కాదు, దూరము పోగల సారా. కొలిమాలో నేటికిని తుబా వీథులలో అమ్ముతారు.

చెట్టుకు కట్టిన పన్ను

గోదావరి జిల్లాలలో జరిగినది దీనికి విరుద్ధము. ఇక్కడ పన్ను ఇంటివాడుక కల్లునే వెదకుకొంటూ వచ్చినది.

రాజమహేంద్రవరమునకు ఉత్తరమున రంపచోడవరపు కొండలు ఉన్నాయి. అక్కడి కొండరెడ్లు తాటితోపాటు జీలుగుచెట్టును కూడ గీస్తారు. వారికి జీలుగు కల్లు వట్టి మత్తుపానీయము కాదు. కొండపోడులో పండిన జొన్న, సామ అయిపోయిన నెలలలో అది ఆకలి తీర్చే వస్తువు కూడ. 1940లలో కొండరెడ్ల మధ్య నివసించి 1945లో వారిపై గ్రంథము ప్రకటించిన మానవశాస్త్రజ్ఞుడు ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ వారి ఆహారములో ఈ చెట్టుకు గల స్థానమును వివరించినాడు. ప్రతి కుటుంబమునకు తన చెట్లు ఉండేవి. ఒక్కరోజు ఆయువు గల వస్తువును అంగడిలో నిలువచేయుటకు వీలులేదు గనుక, ఎవరి చెట్టు రసము వారి ఇంటికే చెందినది.

రంప సీమను ఏలిన మన్సబుదారు ఈ కల్లుమీద ‘చిగురుపన్ను’ అనే సుంకమును వసూలుచేసేవాడు. 1870ల చివర మద్రాసు ప్రభుత్వము ఆబ్కారీ నియమములను మార్చినది. ఇంటి వాడుకకైనను అనుమతిలేక కల్లు గీయరాదన్నారు. కల్లు ఆదాయమును కాంట్రాక్టరులకు గుత్తకు ఇచ్చినారు. గుత్తదారులు ప్రభుత్వమునకు కట్టిన సొమ్మును, తమ లాభమును కొండవారినుండి రాబట్టుకొనవలసినవారే. పెరటిచెట్టు ఎక్కుటకు బయటివానికి రుసుము చెల్లించవలసిన స్థితి ఏర్పడినది. దీనికితోడు మైదానపు వర్తకులు అప్పుపత్రములపై దూరపు కోర్టులలో డిక్రీలు పొంది పశువులను తోలుకొనిపోయేవారు. మన్సబుదారు దౌర్జన్యము, పోలీసుల లంచములు కూడ ఉండనే ఉన్నవి.

1879 మార్చిలో తిరుగుబాటు బ్రద్దలయినది. కారం తమ్మన్నదొర, అంబుల్‌రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య దానికి నాయకులు. పోలీసు ఠాణాలపై దాడులు జరిగినవి. మంటలు విశాఖపట్టణపు గొలుగొండకు, భద్రాచలపు రేకపల్లెకు వ్యాపించినవి. మద్రాసు సైన్యపు దళములను పెక్కింటిని ప్రభుత్వము కొండలలోనికి పంపవలసివచ్చినది. 1880లో తమ్మన్నదొర, చంద్రయ్య హతులైన పిమ్మట అలజడి అణగినది.

తిరుగుబాటుకు కల్లుపన్ను ఒక్కటే కారణము కాదు. కాని తక్కిన బాధలు కొందరిని తాకగా ఈ పన్ను ప్రతి గుడిసెను తాకినది. తరువాత ప్రభుత్వము మన్సబుదారును తొలగించి ముఠాదారులకు నేరుగా సనదులు ఇచ్చినది. స్వంత వాడుకకు కల్లు గీసికొనుటకు కొండవారికి వెసులుబాటు కలిగినది. ఒక ఇంటి ఆహారమును సరకుగా భావించి పన్ను వేసిన తప్పును ఈ విధముగా దిద్దుకొనవలసివచ్చినది. ఆ కొండలలోనే 1922 నుండి 1924 వరకు పోరు నడిపిన అల్లూరి సీతారామరాజు కల్లు మానుమని ప్రజలకు బోధించినాడు. త్రాగుట, మానుట ప్రజల నిర్ణయము కావలెనే గాని గుత్తదారు లాభము కారాదనుటలో ఈ రెండు పోరాటములకు సంబంధము కనబడుతుంది.

మైదానములో 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టము తరువాత చెట్టుపన్ను పద్ధతి క్రమముగా అమలులోనికి వచ్చినది. గీచే ప్రతి చెట్టుకు లైసెన్సు తీసికొని గుర్తు వేయించవలెను. ఈ పద్ధతికి కారణము కూడ కల్లు ఆయువులోనే ఉన్నది. సారాను బట్టీవద్ద గిడ్డంగిలో కొలిచి సుంకము వేయవచ్చును. మధ్యాహ్నమునకు మారిపోయే కల్లును ఏ గిడ్డంగిలో కొలువగలరు? కొలువరాని రసమును వదలి, కదలని చెట్టును లెక్కించినారు. పందొమ్మిదవ శతాబ్దపు చివర సామర్లకోటలో వెలసిన దక్కను షుగర్ అండ్ ఆబ్కారీ కంపెనీ చక్కెరను, సారాను రెండింటిని తయారుచేసినది. నిలువ ఉండే ఈ రెండు వస్తువులు పెద్ద కంపెనీ చేతికి పోగా, నిలువ ఉండని కల్లు చెట్టెక్కేవాని చేతిలోనే మిగిలినది.

నిషేధము, దాని ఎదురుదెబ్బ

1937లో రాజగోపాలాచారి మంత్రివర్గము సేలము జిల్లాలో మద్యనిషేధమును ఆరంభించినది. 1948 అక్టోబరు నాటికి అది మద్రాసు రాష్ట్రమంతటికి వ్యాపించినది. త్రాగుడుచేత కూలిన సంసారములను నిలుపవలెనను ఆశయము మంచిదే. కాని తరతరములుగా చెట్లు గీచి బ్రతికే ఈడిగ, గౌడ, శెట్టిబలిజ కుటుంబములకు ఒక్కమారుగా వృత్తి పోయినది. రసమును పులియకముందే బెల్లముగా వండుకొనుమని చెప్పినారు. అందుకు వంటచెరకు, పెనములు, సహకార సంఘములు, అమ్మకపు ఏర్పాట్లు కావలెను. అవి అందరికి అందలేదు. దొంగసారా కాపు మాత్రము పెరిగినది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినది. రాజమహేంద్రవరములో న్యాయవాదిగా, పురపాలక సంఘాధ్యక్షుడుగా పేరుపొందిన టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి అయినారు. నిషేధమును పరిశీలించుటకు నియమితమైన రామమూర్తి సంఘము దానిని ఎత్తివేయుమని సిఫారసు చేసినది. ప్రభుత్వము దానిని అంగీకరించలేదు. గౌతు లచ్చన్న నాయకత్వమున గీత పనివారి సత్యాగ్రహము సాగినది. 1954 నవంబరులో శాసనసభలో ప్రవేశపెట్టిన అవిశ్వాస తీర్మానము ఒక్క వోటు తేడాతో నెగ్గగా మంత్రివర్గము పడిపోయినది. పూట దాటితే చెడే రసము ఒక ప్రభుత్వమును పడగొట్టినది.

దీనికి మరియొక ప్రక్క కూడ ఉన్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన ఉద్యమము రాష్ట్రమంతట అల్లుకొన్నది. వారు ఎదిరించినది సారాను. ప్యాకెట్లలో నింపబడి, బండ్లపై ఊరూరికి చేరి, వాన ఎండ లేక ఏడాది పొడవున దొరికినందుననే సారా కూలిడబ్బును ఇంటికి చేరనీయలేదు. 1993 అక్టోబరు 1 నుండి సారాను నిషేధించినారు. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధమును 1997లో సడలించినారు. కల్లు తన ఒక్కరోజు ఆయువుచేతనే ఒక హద్దులో ఉండేది. సారాకు అట్టి హద్దు లేదు.

కల్లు నిర్దోషియని దీని భావము కాదు. కల్లులోని ఆల్కహాలును, రియోహా ఆసవములోని ఆల్కహాలును కాలేయము వేరువేరుగా చూడదు. ఎంత కొద్దిగా త్రాగినను ఆరోగ్యమునకు పూర్తిగా క్షేమమని చెప్పదగిన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది. గిరాకి చెట్ల దిగుబడిని మించినచోట క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపిన కల్తీకల్లు ప్రాణములు తీసిన సందర్భములు కూడ ఉన్నాయి.

రసమును నిలిపే దారి

తాటిరసమును ఆల్కహాలు కానీయక నిలుపుటకు పల్లెలలో పూర్వమునుండి ఒక ఉపాయము ఉన్నది. కుండ లోపల సున్నము పూస్తారు. సున్నము రసమును క్షారముగా మార్చుటచే ఈస్టు, బాక్టీరియాలు తలెత్తలేవు. ద్రాక్షను కాపాడినది ఆమ్లత. తాటిరసమును కాపాడేది దానికి విరుద్ధమైన క్షారత. తటస్థ స్థితియే జీవులకు ఇష్టమైన స్థలము కనుక ఏ దిక్కుకు దూరము జరిగినను రక్షణయే. ఇట్లు పట్టిన రసమును కాచి తాటిబెల్లము చేస్తారు.

నేడు మరియొక దారి తెరచుకొన్నది. చెక్కిన గెలనుండి కారిన రసమును చల్లని పెట్టెలో పట్టి, వెంటనే మంచుతో సమానమైన చలిలో ఉంచినచో సూక్ష్మజీవుల పని మందగిస్తుంది. పులియని ఆ తియ్యని రసమే నీరా. రంపచోడవరము దగ్గరి పందిరిమామిడిలో ఉన్న ఉద్యాన పరిశోధన స్థానము తాటిచెట్టుపైన, నీరా, బెల్లము మొదలైన వస్తువులపైన పరిశోధనలు సాగిస్తున్నది. 1879లో చిగురుపన్నుకు ఎదురు తిరిగిన కొండలు దానికి చేరువనే ఉన్నాయి.

అయితే రియోహా కథ చెప్పే పాఠము ఒకటి ఉన్నది. అక్కడ ఆసవమును నిలిపినది పీపా ఒక్కటే కాదు. రైలు వచ్చినది, కొనువారు వచ్చినారు, శాస్త్రము వచ్చినది. గోదావరి నీరాకు కూడ చల్లని పెట్టె మొదలుకొని అంగడివరకు ఒకే గొలుసు కావలెను. గొలుసులో ఒక్క కొక్కెము తెగినను మధ్యాహ్నమునకు నీరా కల్లు అయిపోతుంది. ఆ గొలుసు మొదటి కొన ఇప్పటికిని మోకు కట్టుకొని నలువది, ఏబది అడుగుల ఎత్తున వ్రేలాడే మనిషి చేతిలోనే ఉన్నది. కాలు జారిపడి నడుము విరిగినవారు లేని గీత ఊరు అరుదు. చెట్టెక్కుటకు క్షేమమైన సాధనము, దింపిన రసమునకు తగిన ధర ఈ రెండును అతనికి దక్కిననాడే తాటిరసము నిలువ నేర్చినట్లు అవుతుంది.